రెప్పలు ఆర్పే పిల్లవాడు, సగంలో ఆగే నోటుబుక్కు

కళ్లు టపటపా ఆర్పే పిల్లవాడిని ఎవరైనా ముందు కంటి డాక్టరు దగ్గరికే తీసుకెళ్తారు. డాక్టరు చూపు పరీక్షించి, చుక్కల మందు రాసి, ఫోను చూడటం తగ్గించమంటారు. మూడు వారాలకు ఆర్పడం తగ్గుతుంది. మందు పనిచేసిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. రెండు నెలలు తిరిగేసరికి అదే పిల్లవాడు భుజం ఎగరేయడం మొదలుపెడతాడు. ఆ తర్వాత జలుబు లేకుండానే గొంతు సవరించుకుంటూ ఉంటాడు. ఇదే కాలంలో బడి నుంచి మరో రకం కబురు వస్తుంది: బోర్డు మీది ప్రశ్నలు సగమే రాసుకుంటున్నాడు, పెన్సిలు పెట్టె రోజూ పోగొడుతున్నాడు, పిలిస్తే పలకడు. నోటుబుక్కు తెరిస్తే ప్రతి పేజీలోనూ మొదటి నాలుగు లైన్లు గుండ్రంగా, తర్వాత రెండు వంకరటింకరగా ఉంటాయి, ఆ కింద అంతా ఖాళీ. ఈ రెండింటిలో పెద్దవాళ్లకు నిద్ర పట్టనివ్వనిది భుజం ఎగరేయడమే. నోటుబుక్కు సంగతి అల్లరి ఖాతాలోకి వెళ్లిపోతుంది.

గత యాభై ఏళ్ల పరిశోధన చాలామంది పిల్లల విషయంలో ఈ వరుసను తిరగేస్తోంది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే టిక్ (ఇలా ఉన్నట్టుండి పదేపదే వచ్చే కదలిక లేదా శబ్దం) ఒకటైతే, ఆ పిల్లవాడి చదువునూ స్నేహాలనూ ఇంట్లో సఖ్యతనూ కొరుక్కుతినేది చాలాసార్లు మరొకటి. ఆ మరొకటి శ్రద్ధను అదుపులో పెట్టుకోలేని ఏడీహెచ్‌డీ. ఈ సంగతి తేలడానికి అంతకాలం పట్టడానికి ఒక మందు మీద పడిన అనుమానమూ కారణమే.

టిక్ అంటే కన్నదరడం కాదు. కుడి కన్ను అదిరితే శుభమా, ఎడమ కన్ను అదిరితే అశుభమా అని మనం లెక్కలు వేసుకునే అదురు కనురెప్పలోని కండరం తనంతట తాను కొట్టుకోవడం. అలసట, నిద్ర చాలకపోవడం, కాఫీ ఎక్కువ కావడం దానికి కారణాలు. టిక్‌లో కదలిక పూర్తిగా ఉంటుంది. చూసేవారికి కావాలని చేసినట్టే ఉంటుంది. చేసే పిల్లవాడికి మాత్రం అది తుమ్ము లాంటిది. ముందు ఒక చోట ఏదో సలుపు, బిగువు. కదిపితే తీరుతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది. తుమ్మును ఆపుకున్నట్టే దీన్నీ కాసేపు ఆపుకోగలరు. అందుకే డాక్టరు గదిలో పది నిమిషాలు బుద్ధిగా కూర్చున్న పిల్లవాడు బయట ఆటో ఎక్కగానే వరసగా ఇరవైసార్లు తల విదిలిస్తాడు. 'చూశావా, అనుకుంటే ఆపుకోగలడు, కావాలనే చేస్తున్నాడు' అనే మాట పుట్టేది ఇక్కడే. ఆపుకోగలగడం వేరు, అసలు రాకుండా ఉండటం వేరు. ఆపుకోవడానికి పెట్టే శ్రమ కూడా శ్రద్ధలోంచి కోసుకునేదే. పాఠం వింటూ తుమ్మును గంటసేపు బిగపట్టమంటే పాఠం ఎంత ఎక్కుతుందో ఊహించుకోవచ్చు.

శరీర కదలికల టిక్‌లు రెండో అంతకు మించో, గొంతు టిక్ కనీసం ఒకటి, పద్దెనిమిదేళ్లలోపు మొదలై ఏడాదికి పైగా సాగితే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో నాడీ వైద్యుడు షార్కో శిష్యుడైన జిల్ ద లా టూరెట్ 1885లో తొమ్మిదిమంది రోగుల గురించి రాసిన వ్యాసంతో ఆ పేరు స్థిరపడింది. బడి ఈడు పిల్లల్లో వెయ్యికి మూడు నుంచి ఎనిమిది మందికి ఇది ఉంటుందని అంచనా. కొన్ని నెలలు ఉండి పోయే మామూలు టిక్‌లు ఇంతకన్నా చాలా ఎక్కువ. టిక్‌లు సాధారణంగా ఐదారేళ్ల వయసులో మొదలై, పదేళ్ల ప్రాంతంలో బాగా ముదిరి, కౌమారంలో తగ్గుముఖం పడతాయి. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ లెక్‌మన్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి దాదాపు సగంమందికి టిక్‌లు పోయాయి.

ఈ దారి నేరుగా సాగదు. అలల్లా పెరుగుతుంది, తగ్గుతుంది, చోటు మారుతుంది. తల్లిదండ్రులు డాక్టరు దగ్గరికి పరుగెత్తేది అల పైకి లేచినప్పుడే. కాబట్టి ఆ రోజు ఏ మందు ఇచ్చినా, తాయెత్తు కట్టినా, కళ్లజోడు పెట్టినా కొన్ని వారాల్లో తగ్గే అవకాశమే ఎక్కువ. కంటి చుక్కలకు దక్కిన పేరు అలాంటిదే. అదే లెక్కను తిరగేస్తే, అల కింద ఉన్నప్పుడు మొదలుపెట్టిన మందుకు తర్వాత లేచే అల తాలూకు నింద దక్కుతుంది.

ఇక ఏడీహెచ్‌డీ. తెలుగులో దీన్ని అవధాన లోపం అని అనువదిస్తుంటారు. ఆ మాటలో ఒక చమత్కారం ఉంది. అష్టావధానంలో అవధాని సమస్యలు పూరిస్తూ, నిషిద్ధాక్షరాలు తప్పిస్తూ పోతుంటే, మధ్యమధ్యలో ఆయన ధ్యాస చెదరగొట్టడమే పనిగా అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒకరు ఉంటారు. మరోపక్క గంట మోగుతుంటుంది, ఎన్నిసార్లు మోగిందో చివర్లో చెప్పాలి. అవధాని గొప్పతనం అన్నీ వినడంలో లేదు, దేనికి ఎంతసేపు చోటివ్వాలో నిర్ణయించుకోవడంలో ఉంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడి తలలో అప్రస్తుత ప్రసంగికి మైకు ఇచ్చినట్టు ఉంటుంది. కిటికీ బయట కుక్క, పక్కవాడి కొత్త బూట్లు, నిన్నటి క్రికెట్ అన్నీ టీచరు మాటంత గట్టిగానే వినిపిస్తాయి. శ్రద్ధ లేకపోవడం కాదిది, శ్రద్ధ చెప్పుచేతల్లో లేకపోవడం. ఇష్టమైన ఆటలో మూడు గంటలు కదలకుండా కూర్చుంటాడన్నది వ్యతిరేక సాక్ష్యమేమీ కాదు. ఆట క్షణక్షణం ఫలితం ఇస్తుంది, ఎక్కాల పుస్తకం ఇవ్వదు.

ఇందులో ఎగిరి గంతులేసే రకం అందరి కళ్లలో పడుతుంది. అదే బెంచీలో కిటికీ వైపు చూస్తూ నిశ్శబ్దంగా కూర్చుండిపోయే అమ్మాయి గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. ఆమె పేరు ఏ లెక్కల్లోకీ రాకుండానే పదో తరగతి వస్తుంది.

1902లో లండన్‌లో పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్ తన ఉపన్యాసాల్లో, తెలివికి లోటు లేకపోయినా తమను తాము అదుపులో పెట్టుకోలేని పిల్లల గురించి వివరించాడు. దాన్ని ఆయన నైతిక నియంత్రణ లోపమన్నాడు. పేరులోనే తీర్పు ఉంది. మందు మాత్రం అనుకోకుండా దొరికింది. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక పిల్లల ఆశ్రమ చికిత్సాలయంలో చార్లెస్ బ్రాడ్లీ పనిచేసేవాడు. ఆ రోజుల్లో మెదడును ఎక్స్‌రే తీయాలంటే వెన్నునుంచి ద్రవం తీసి ఆ చోట గాలి ఎక్కించేవారు. తర్వాత పిల్లలకు భరించలేని తలనొప్పి వచ్చేది. ద్రవం త్వరగా ఊరుతుందేమోనని బ్రాడ్లీ బెంజెడ్రిన్ అనే ఉత్తేజకం ఇచ్చి చూశాడు. తలనొప్పికి పెద్దగా ఒరిగిందేమీ లేదు. కానీ బడిలో టీచర్లు తేడా పసిగట్టారు. 1937లో ఆయన ప్రచురించిన నివేదికలో ఉన్న ముప్ఫైమంది పిల్లల్లో పద్నాలుగుమంది చదువులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించింది. పిల్లలే వాటికి లెక్కల మాత్రలని పేరు పెట్టుకున్నారు. తర్వాత 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో మిథైల్‌ఫెనిడేట్ అనే మరో ఉత్తేజకం తయారైంది. తయారుచేసిన రసాయన శాస్త్రవేత్త భార్య ముద్దుపేరు రీటా, అందుకే అది రిటాలిన్ అయింది.

అసలు తగాదా ఈ మందుతోనే మొదలైంది. 1960లలో హాలోపెరిడాల్ అనే మానసిక రుగ్మతల మందు టిక్‌లను తగ్గిస్తుందని తేలింది. అంతకుముందు టూరెట్‌ను మనసులో అణచుకున్న కోరికలకు ముడిపెట్టే మనోవిశ్లేషకులను ఆ ఫలితం గట్టిగా కుదిపింది. హాలోపెరిడాల్ మెదడులో నాడీకణాల మధ్య కబుర్లు మోసే డోపమీన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది, మిథైల్‌ఫెనిడేట్ డోపమీన్‌ను పెంచుతుంది. అడ్డుకుంటే టిక్‌లు తగ్గుతున్నాయంటే, పెంచితే పెరగాలి కదా? తర్కం ఎంత చక్కగా ఉందంటే దాన్ని పరీక్షించాలని చాలామందికి తోచలేదు. మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టాక టిక్‌లు వచ్చిన పిల్లల గురించి నివేదికలు వెలువడ్డాయి. 1982లో ఒక ప్రముఖ అమెరికా వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం ఈ మందులు టూరెట్‌ను పైకి తెస్తాయని సూటిగానే అన్నది. టిక్‌లు ఉన్నవారికి, కుటుంబంలో టూరెట్ చరిత్ర ఉన్నవారికి ఈ మందు ఇవ్వరాదనే హెచ్చరిక మందుతో వచ్చే సమాచార పత్రంలోకి ఎక్కింది.

విచిత్రం ఏమిటంటే, అంతకు ఆరేళ్ల ముందే, 1976లో, మార్తా డెంక్లా బృందం ఒక లెక్క చెప్పింది. మిథైల్‌ఫెనిడేట్ వాడిన 1,520 మంది పిల్లల్లో టిక్‌లు కొత్తగా వచ్చినవారు, ఉన్నవి పెరిగినవారు కలిపి ఇరవైమంది. మందు ఊసే లేని బడి పిల్లల్లో టిక్‌లు కనిపించే రేటు కన్నా ఇది తక్కువ. ఆ ఇరవైమంది కథలు గుర్తుండిపోయాయి, మిగిలిన పదిహేను వందలమంది గుర్తుకు రాలేదు.

కాకి వచ్చి వాలింది, తాటిపండు రాలింది. కాకతాళీయం అనే మాట పుట్టించిన జాతికి ఈ చిక్కు అర్థం కావడానికి గణాంక శాస్త్రం అక్కర్లేదు. ఏడీహెచ్‌డీ లక్షణాలు సాధారణంగా టిక్‌ల కన్నా రెండు మూడేళ్లు ముందు కనబడతాయి. బడిలో చేరాక ఇబ్బంది బయటపడుతుంది, ఆరేడేళ్లకు మందు మొదలవుతుంది. టిక్‌లు మామూలుగా తలెత్తే వయసూ దాదాపు అదే. మందు వేసుకోకపోయినా ఆ పిల్లల్లో కొందరికి ఆ ఏడే టిక్ వచ్చి ఉండేది.

దీన్ని తేల్చాలంటే మందునూ, మందు లేని ఉత్తుత్తి మాత్రనూ పక్కపక్కన పెట్టి చూడాలి. 2002లో వెలువడిన టాక్ట్ అధ్యయనం ఆ పని చేసింది. ఏడీహెచ్‌డీ, టిక్‌లు రెండూ ఉన్న 136 మంది పిల్లలను నాలుగు గుంపులుగా చేసి, ఒక గుంపుకు మిథైల్‌ఫెనిడేట్, ఒక గుంపుకు రక్తపోటు మందుగా పుట్టిన క్లోనిడిన్, ఒక గుంపుకు రెండూ, చివరి గుంపుకు ఉత్తుత్తి మాత్ర పదహారు వారాలు ఇచ్చారు. టిక్‌లు పెరిగాయన్న ఫిర్యాదు మిథైల్‌ఫెనిడేట్ గుంపులో నూటికి 20 మందికి, క్లోనిడిన్ గుంపులో 26 మందికి వచ్చింది. ఉత్తుత్తి మాత్ర మింగిన వారిలో 22 మందికి వచ్చింది. ఈ ఇరవై రెండే ఈ కథలో అసలు అంకె. వాళ్ల కడుపులోకి వెళ్లిన మాత్రలో ఏమీ లేదు, పెరిగినది అల. పైగా మూడు చికిత్సల్లోనూ టిక్‌ల తీవ్రత సగటున తగ్గింది, రెండు మందులూ కలిపి వాడిన గుంపులో అందరికన్నా ఎక్కువగా. క్లోనిడిన్‌తో మగత పెద్ద ఇబ్బంది అయింది. 2015లో ఇలాంటి 22 అధ్యయనాలను, మొత్తం 2,385 మంది పిల్లలను కలిపి చూసినప్పుడు, టిక్‌లు కొత్తగా రావడమో పెరగడమో ఉత్తేజకాలు వాడినవారిలో 5.7 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 6.5 శాతం అని తేలింది. ఈ లెక్కలన్నీ సగటులే. ఫలానా పిల్లవాడికి మందుతో టిక్ నిజంగానే పెరగవచ్చు, అప్పుడు మోతాదు మార్చాలి లేదా మందు మార్చాలి. కానీ టిక్ ఉందన్న ఒక్క కారణంతో శ్రద్ధకు చికిత్సే వద్దనడానికి ఆధారం నిలవలేదు.

ఆ చికిత్స ఆపేయడం వల్ల పోయినదేమిటన్నది రెండో సగం కథ. టూరెట్ ఒంటరిగా రావడమే అరుదు. ఇరవై రెండు దేశాలకు చెందిన 3,500 మంది వివరాలతో రోజర్ ఫ్రీమన్ బృందం 2000లో చేసిన విశ్లేషణలో, మరే సమస్యా లేకుండా కేవలం టూరెట్ మాత్రమే ఉన్నవారు నూటికి పన్నెండుమందే. అందరికన్నా ఎక్కువగా తోడుండేది ఏడీహెచ్‌డీ. 2015లో 1,374 మంది టూరెట్ రోగులను పరిశీలించిన మరో అధ్యయనంలో సగానికి పైగా మందికి అది ఉంది. చేసిందే చేసే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ దాదాపు దానితో సమానంగా ఉంది. లెక్కను ఇటునుంచి చూసినా అంతే. అమెరికాలో ఏడీహెచ్‌డీ ఉన్న 579 మంది పిల్లలతో నడిచిన ఎంటీఏ అనే పెద్ద అధ్యయనంలో ఇంకే సమస్యా లేనివారు మూడో వంతు కూడా లేరు. మాటకు మాట ఎదురు తిరిగే రుగ్మత సుమారు నలభై శాతం మందికి, అంతకన్నా తీవ్రమైన ప్రవర్తన రుగ్మత పద్నాలుగు శాతం మందికి, టిక్‌లు పదకొండు శాతం మందికి ఉన్నాయి.

కోపం సంగతి ఇక్కడే తేలుతుంది. టూరెట్ పిల్లలు చటుక్కున రెచ్చిపోతారు, వస్తువులు విసిరేస్తారు అన్న పేరు చాలాకాలంగా ఉంది. 2003లో డెనిస్ సుఖదోల్‌స్కీ బృందం నాలుగు రకాల పిల్లలను పోల్చి చూసింది. టూరెట్ మాత్రమే ఉన్న పిల్లలు కోపంలో, దుడుకుతనంలో మామూలు పిల్లల్లాగే ఉన్నారు. టూరెట్‌తో పాటు ఏడీహెచ్‌డీ ఉన్నవారు మాత్రం ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్న పిల్లలకు సరిసమానం. అంటే గొడవలకు మూలం ఎగిరే భుజంలో లేదు.

ఈ ఎదురు తిరగడం ఎలా పాకుతుందో అమెరికాలోని ఆరెగాన్‌లో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఇళ్లలోనే కూర్చుని గమనించి చెప్పాడు. దాన్ని మన ఇంట్లోకి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. సాయంత్రం ఏడు గంటలకు అమ్మ హోంవర్క్ తీయమంటుంది. పిల్లవాడు విననట్టే ఉంటాడు. నాలుగోసారికి ఆమె గొంతు పెరుగుతుంది, వాడు పుస్తకం విసిరేస్తాడు, ఏడుపు లంకించుకుంటాడు. పక్క గదిలోంచి నానమ్మ వచ్చి 'పోనీలేమ్మా, అలిసిపోయి వచ్చాడు, రేపు రాసుకుంటాడు' అంటుంది. ఏడుపు ఆగుతుంది. ఆ నిమిషంలో ముగ్గురికీ బహుమతి దక్కింది: వాడికి హోంవర్క్ తప్పింది, అమ్మకు గొడవ తప్పింది, నానమ్మకు మనవడు దగ్గరయ్యాడు. రేపు వాడు రెండో పిలుపుకే అరుస్తాడు, ఎల్లుండి అమ్మ మొదటి పిలుపుకే అరుస్తుంది. ఇందులో ఎవరూ చెడ్డవారు కారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడు మొదటి మూడు పిలుపులను నిజంగానే పట్టించుకోలేకపోవడం వల్ల ఈ వల వాళ్ల ఇంట్లో త్వరగా బిగుస్తుంది. తల్లిదండ్రులకిచ్చే శిక్షణ ఈ ముడిని విప్పడానికే: ఒక్కసారి, దగ్గరికి వెళ్లి, ఒక్క పని చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, అరుపుకు ఫలితం దక్కకుండా చూడటం. నానమ్మను కూర్చోబెట్టి ఈ పాఠం చెప్పకపోతే తల్లి నేర్చుకున్నది సాయంత్రానికే కొట్టుకుపోతుంది. పుస్తకాల్లో లేని మాటైనా మన ఇళ్లలో ఇది ముఖ్యం.

టిక్‌లకు కూడా మందు ఒక్కటే దారి కాదు. 2010లో జాన్ పియాసెంటీని బృందం తొమ్మిది నుంచి పదిహేడేళ్ల వయసున్న 126 మందిలో దాదాపు సగంమందికి పది వారాల ప్రవర్తనా చికిత్స ఇచ్చి చూసింది. టిక్ వచ్చే ముందు కలిగే ఆ సలుపును గుర్తించడం, రాగానే ఆ కదలికకు పొసగని మరో పని చేయడం అందులో ప్రధానం. తల విదిలించే పిల్లవాడు మెడ కండరాలను మెల్లగా బిగించి ముందుకు చూస్తాడు. సలుపు దానంతటది చల్లారేదాకా అలాగే ఉంటాడు. ఈ శిక్షణ పొందినవారిలో 52.5 శాతం మంది మెరుగయ్యారు, మామూలు సలహాలు, ధైర్యవచనాలు మాత్రమే అందుకున్నవారిలో 18.5 శాతం. ఇంట్లో 'మళ్లీ చేశావు' అని గుర్తుచేయడం ఈ చికిత్స కిందికి రాదు. టిక్‌ల గురించి మాట్లాడితే టిక్‌లు పెరగడం ప్రయోగాల్లోనూ కనిపించింది.

తెలుగు నేల మీద లెక్కలు ఇంకా పలచగానే ఉన్నాయి. దేశంలో ఐదు చోట్ల పిల్లల నాడీవికాస సమస్యలను కొలిచి 2018లో ప్రచురించిన పెద్ద సర్వేలో హైదరాబాద్ ఒక కేంద్రం. ఆరు నుంచి తొమ్మిదేళ్లవారిలో ఏడీహెచ్‌డీని కూడా అందులో చూశారు. కోయంబత్తూరు ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన అధ్యయనం 2013లో 11.32 శాతమని చెప్పింది. ఇలాంటి అంకెలు ఎవరిని అడిగారు, ఏ ప్రశ్నావళి వాడారు అన్నదాన్ని బట్టి చాలా మారతాయి. టీచరొక్కరే చెబితే ఒకలా, బడిలోనూ ఇంట్లోనూ రెండు చోట్లా ఉందా అని చూస్తే మరోలా వస్తాయి. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒకటి మందుల షాపు రెండేళ్లు భద్రపరచాలి. దాంతో చాలా షాపులు అసలు తెప్పించవు. జిల్లా కేంద్రం దాటితే ఇక్కడి ప్రశ్న మందు టిక్‌ను పెంచుతుందా అన్నది కాదు, దొరుకుతుందా అన్నదే.

దొరికి, డాక్టరు మొదలుపెడదామన్నప్పుడు తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటుంది. తొందర లేకపోతే మందుకు ముందే నాలుగైదు వారాలు ఒక పట్టిక రాయాలి: ఏ రోజు ఏ టిక్, రాత్రి భోజనానికి ముందు పది నిమిషాల్లో సుమారు ఎన్నిసార్లు. పక్కనే ఇంకో గడిలో హోంవర్క్ ఎన్ని లైన్లు నడిచిందో, ఎన్నిసార్లు పిలవాల్సి వచ్చిందో. మందు మొదలయ్యాక అదే పట్టిక కొనసాగించాలి. మూడో వారంలో భుజం మళ్లీ ఎగరడం మొదలైతే, అది మందుతో వచ్చిందా, ఆ పిల్లవాడికి ప్రతి రెండు నెలలకూ వచ్చే అలేనా అని డాక్టరు వెనక్కి తిప్పి చూడటానికి ఆ మొదటి పేజీలే ఆధారం. రెండో గడి వైపు కూడా చూస్తారు. నాలుగు లైన్ల దగ్గర ఆగిపోయే పేజీ పదకొండో లైను దాకా వచ్చిందేమోనని.